ఖాళీ చేతుల అరగంట

అమ్మ బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. రాత్రి తడిపి గోనెపట్టాలో చుట్టిపెట్టిన ఆకు. ఒడిలో చాట, కుడిచేతిలో కత్తెర. ఆకు మీద రేకు అచ్చు ఆనించి చుట్టూ కత్తెర తిప్పుతుంది, ముక్కను పక్కన వేస్తుంది, ఇంకో ఆకు అందుకుంటుంది. చేతుల వంక ఒక్కసారీ చూడదు. నేను ఎదురుగా పీట మీద కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కాసేపటికొకసారి "రెప్ప" అంటున్నాను. నేను అన్నప్పుడల్లా అమ్మ కళ్ళు మూసి తెరుస్తోంది.

నేను మరిచిపోతే ఆమె కళ్ళు ఎర్రబడతాయి. మండి నీళ్ళు కారితే గానీ రెప్ప వెయ్యాలన్న సంగతి ఆమెకు గుర్తుకు రాదు. గుటక కూడా అంతే. నడక కూడా అంతే.

పొద్దున తొమ్మిదయింది. బాపు లోపల ఆసుపత్రి కాగితాలు వెతుకుతున్నాడు. మధ్యాహ్నం అమ్మను పట్నం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాలి. ఈ ఎనిమిది నెలల్లో ఇది నాలుగో డాక్టరు.

మా ఊరికి రెండు మైళ్ళ దూరంలో బొగ్గుగని ఉంది. బాపు, అంటే మా నాన్న ఓదెలు, అందులో పైకప్పుకు బోల్టులు బిగించే పని చేస్తాడు. ఆరేళ్ళ కిందట ఆ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చిక్కుకున్నారు. రెండు రోజుల పాటు వాళ్ళు లోపల బతికే ఉన్నారని తర్వాత తెలిసింది. ఏ మలుపులో ఉన్నారో తెలియక పైనున్నవాళ్ళు ఇంకో వైపు తవ్వారు. అక్కడ తవ్వమని చెప్పిన ఇంజనీరు పురంధర్ సార్. ఆ తర్వాత ఆయన ఇంజనీరు పని మానేసి చదువుకోవడానికి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చి గని పక్కనే మూతబడిన పాత దీపాల గదిలో ప్రయోగశాల పెట్టాడు. అరచేతిలో పట్టేంత డ్రోనును లోపలికి పంపి మనుషులను వెతకాలన్నది ఆయన పట్టుదల. నాకు అక్కడ రిజిస్టరు రాసే ఉద్యోగం దొరికింది.

నేర్చుకోవడానికి మొదట వచ్చినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ పాలిటెక్నిక్ చదివినవాళ్ళే. మొదటిరోజు సార్ వాళ్ళ ముందు డ్రోను ఎగరేసి, రిమోటు మీంచి వేళ్ళు తీసేశాడు. అది గుంజకు కట్టేసిన బర్రెలాగా ఉన్నచోటే గాలిలో నిలబడింది. తర్వాత ఒక మీట మార్చాడు. డ్రోనును కొంచెం ముందుకు వంచి మళ్ళీ వేళ్ళు తీశాడు. ఈసారి అది నిలబడలేదు. వంగినది వంగినట్టే పోయి గోడకు కొట్టుకుని కింద పడింది.

"దీన్నే మాన్యువల్ అంటరు. ఇందులో నిన్ను నిలబెట్టేటోడు ఎవడూ ఉండడు. వంచింది నువ్వే, మళ్ళ నిలబెట్టాల్సింది నువ్వే" అన్నాడు సార్.

గనిలో ఇలాగే ఎగరాలి. అక్కడ ఆకాశం ఉండదు, ఉపగ్రహాల సాయం అందదు. తనంతట తాను నిలబడే డ్రోనుకు ఆ దుమ్ములో నేలేదో పైకప్పేదో తెలియదు. గోడకు కాస్త తగిలితే సర్దుకోబోయి ఇంకా గట్టిగా గుద్దుకుంటుంది. మనిషి చేతికి మాత్రం ఆ దెబ్బను తప్పించడం తెలుస్తుంది. కాకపోతే చేతికి అది రావాలంటే రెండేళ్ళు పడుతుంది.

రెండేళ్ళను రెండు వారాలు చేయడానికి సార్ ఒక పట్టీ తయారు చేశాడు. అది చెవుల వెనక ఆనుకుని ఉంటుంది. మనం ఆలోచించకుండా చేసే పనులన్నీ మెదడులో ఒక మూల నుంచి నడుస్తాయట. నడవడం, తూలకుండా నిలబడడం, మింగడం, రెప్ప వేయడం లాంటివి. పట్టీ ఆ మూలలోంచి కొంత తీసి డ్రోనుకు అప్పిస్తుంది. అప్పుడు డ్రోను వంగితే మనం వంగినట్టే ఉంటుంది. తూలినప్పుడు కాలు దానంతట అది ఎలా సర్దుకుంటుందో, వేళ్ళు అలా సర్దుకుంటాయి. ఎగరడం అయిపోయాక అప్పిచ్చినది తిరిగి ఒంట్లోకి రావాలి. దానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా పట్టీ తీయకూడదు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఏ పనీ చేయకుండా కూర్చోవాలి. 'చేతులు ఖాళీగా ఉండాలి' అని సార్ గోడ మీద ఎర్ర రంగుతో రాయించాడు. రిజిస్టరులో దానికొక గడి ఉండేది. చేతులు ఖాళీగా ఉన్నాయా అంటే అవును, లేదా కాదు. ఆ గడి నింపడం నా పని.

ఒకరోజు నా టిఫిను డబ్బా ఇవ్వడానికి అమ్మ వచ్చింది. నేను పనిలో ఉన్నానని గుమ్మం పక్కన కూర్చుని, వెంట తెచ్చుకున్న చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టసాగింది. లోపల పాలిటెక్నిక్ వాళ్ళు ఎగరేసే డ్రోను వంకే చూస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. సార్ వచ్చి చాలాసేపు ఆ చేతులను చూశాడు. చూడకుండా ఎలా చేస్తున్నావని అడిగాడు.

"సూసుకుంట సేత్తే ఎన్నడు ఒడిశేను సారూ? రోజుకు వెయ్యి సుట్టాలె" అంది అమ్మ.

సార్ రిమోటు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం బాపు ఒకటే నవ్వు. సైకిలు తొక్కడం రాదు గానీ ఇమానం నడుపుతుందట అని వాడంతా చెప్పుకుని తిరిగాడు. పక్కింటి లసుమక్క, పైకి పోయినప్పుడు మా ఇంటి మీద పెంకులు సరిగ్గా ఉన్నయో లేవో చూసి చెప్పు స్వరూపా అంది. అమ్మకు సిగ్గు, దాని కింద సంతోషం. పదకొండేళ్ళ వయసు నుంచి బీడీలు చుట్టిన మనిషి. ఆమె చేతిని మెచ్చుకున్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

మర్నాడు సార్ అమ్మకు పట్టీ కట్టాడు. మొదటిరోజు డ్రోను నలభై ఒక్కసార్లు పడింది. నేనే రాశాను. నాలుగో రోజుకు గాలిలో నిమిషం నిలిచింది. తొమ్మిదో రోజుకు తాడుకు వేలాడదీసిన రింగుల్లోంచి దూరింది. పన్నెండో రోజు తలకిందులై, తిరిగి లేచి, అమ్మ కాళ్ళ ముందు పువ్వు పడ్డట్టు దిగింది. కళ్ళకు పెట్టుకునే పెద్ద అద్దాలు తీసి అమ్మ నా వైపు చూసింది. "గాలి సుత తెలుత్తాంది బిడ్డా, పిక్కల మీద" అంది. నెల తిరిగేసరికి వదిలేసిన పాత గని దారిలో, దీపం లేకుండా, మూడు మలుపులు తిరిగి వచ్చింది. పాలిటెక్నిక్ వాళ్ళు ఇద్దరూ అప్పటికి రింగుల దగ్గరే ఉన్నారు. తర్వాత వేరే ఉద్యోగాలు దొరికి వెళ్ళిపోయారు. పట్టీ తీసేశాక నెలలో వాళ్ళకు వచ్చిందంతా పోయింది. మనుషులు మాత్రం బాగానే ఉన్నారు. వాళ్ళు అరగంట కూర్చొమ్మంటే కూర్చున్నారు మరి.

కూర్చోలేనిది మేమే.

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు కూడా చాట దించని వాడ మాది. నెలలో ఇన్ని రోజులని ఆకు చుట్టి ఇవ్వకపోతే బీడీ కార్డు పోతుంది. కార్డు పోతే ముప్పై ఏళ్ళ పనికి గుర్తు లేకుండా పోతుంది. మూడో రోజో నాలుగో రోజో, సార్ పక్కగదిలో కంప్యూటరు దగ్గర ఉండగా, అమ్మ మోకాళ్ళ మీది చేతులను చూసుకుని అంది.

"ఊకెనే కూసుంటే చేతులు గుంజుతానయి. సాట ఇటియ్యి బిడ్డా."

నేను ఇచ్చాను. అమ్మ అరగంటలో రెండు కట్టలు చుట్టింది. నేను గడిలో 'అవును' అని రాశాను. ఆ రోజు నుంచి ప్రతిరోజూ అంతే. చాట తీసుకుపోయేది నేనే. సార్ అడుగుల చప్పుడు వినబడితే దాన్ని బల్ల కింద పెట్టేదీ నేనే. తప్పు చేస్తున్నామని నాకు అనిపించలేదు. బీడీ చుట్టడం కూడా ఒక పనేనా అనుకున్నాను. అది మా ఇంట్లో ఊపిరి పీల్చడం లాంటిది.

మొదట మాకు కనబడింది మంచే. అమ్మ చేతికి వేగం పెరిగింది. రోజుకు వెయ్యి చుట్టే మనిషి పద్నాలుగు వందలు చుట్టసాగింది. ఒక్క బీడీ తట్టులో, అంటే బాగాలేదని తీసేసేవాటిలో, పోలేదు. సార్ పట్టీ నరాలకు మంచిదని లసుమక్క తనకూ ఒకటి ఇప్పించమంది.

తర్వాత ఒకరోజు అన్నం తింటూ అమ్మ ఆగిపోయింది. నోట్లో ముద్ద అలాగే ఉంది. బాపు మొదట నవ్వాడు, కూర అంత పాడుగుందా అన్నాడు. అమ్మ నవ్వలేదు. మా ఇద్దరి గొంతులనూ మార్చి మార్చి చూసింది. మేము ఎలా మింగుతున్నామో చూసి అలాగే మింగింది.

ఆ వారమే గడప దగ్గర పడింది. తర్వాత వాకిట్లో. బిందెతో వస్తుంటే నేను వెనక నుంచి "అమ్మా, ఫోను" అని పిలిచాను. నా వైపు ధ్యాస మళ్ళిందో లేదో, కాళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయి నిలువునా కూలింది. మోచేతి ఎముక చిట్లింది. కింద పడి ఉండి, నొప్పి అనలేదు. "అడుగెయ్యాల్నని యాది మర్సిన బిడ్డా" అంది.

మరునాడు నేను సార్‌కు చాట సంగతి చెప్పాను. రిజిస్టరు తెరిచి, నేను రాసిన 'అవును'లన్నీ చూపించాను. ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి, అద్దాలు తుడుస్తూనే ఉండిపోయాడు. తర్వాత నాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. అప్పిచ్చినది తిరిగి వచ్చేటప్పుడు ఒళ్ళంతా తలుపులు తెరిచి ఉండాలి. ఆ వేళ పని చేస్తున్నది వేళ్ళొక్కటే కాబట్టి ఆ ఒక్క తలుపే తెరిచి ఉంది. వచ్చిందంతా బీడీలోకే పోయింది. నడకది నడకకు రాలేదు, గుటకది గుటకకు రాలేదు. డ్రోను దగ్గర ఉండిపోయినది డ్రోను దగ్గరే ఉంది. కాబట్టి ఆమెకు ఎగరేయడం ఎప్పటికీ మరుపు రాదు.

ఒంట్లోకి మళ్ళీ రప్పించలేమా అని అడిగాను. ప్రయత్నిద్దాం అన్నాడు. నలభై రోజులు అమ్మకు పట్టీ పెట్టి రోజుకు నాలుగు గంటల చొప్పున ఖాళీ చేతులతో కూర్చోబెట్టాము. చాట లేకపోయినా ఆమె వేళ్ళు గాలిని చుట్టేవి, లేని దారం కట్టేవి, లేని మూతి మలిచేవి. అమ్మే అడిగి తువ్వాలుతో చేతులు కట్టించుకుంది. తువ్వాలు లోపల కూడా అవి కదులుతూనే ఉన్నాయి. నలభయ్యో రోజున సార్ కట్టు విప్పి, ఇక చాలు అన్నాడు.

ఆ రోజే నన్ను పక్కకు పిలిచి ఊపిరి గురించి చెప్పాడు. పరీక్షల్లో చూశాడట. ఊపిరి ఇంకా లోపలి మూలలో ఉంది, కానీ అంచుకు వచ్చింది. ఇంకొక్కసారి ఎగిరితే, పట్టీ ఉన్నా లేకున్నా, డ్రోను దాన్నే తీసుకోవచ్చు. అప్పుడు పీల్చాలని గుర్తుంటేనే పీలుస్తుంది, వదలాలని గుర్తుంటేనే వదులుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ ఎలాగో నెట్టుకురావచ్చు. నిద్రపోతే గుర్తు చేసేవాళ్ళు ఉండరు.

ఖచ్చితంగా అంతేనా సార్ అన్నాను.

"ఖచ్చితం కాదమ్మా. కానీ నేనైతే మా అమ్మను ఎగరనియ్య" అన్నాడు. పట్టీని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ప్రయోగం ఆగిపోయింది. ఊపిరి సంగతి ఆ రాత్రే నేను అమ్మకు, బాపుకు చెప్పాను.

ఆ తర్వాత నేను పట్టీ లేకుండా నేర్చుకోవడం మొదలుపెట్టాను. సార్ ఒక డ్రోను ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఎందుకు నేర్చుకుంటున్నావని ఎవరూ అడగలేదు. రోజూ పొద్దున కోత కోసిన మక్కచేనులో గంటసేపు. అది కుడికి ఒరిగితే ఎడమకు నెడతాను, ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే నెడతాను. దాన్ని సరిచేయబోయి కుడికి ఇంకా ఎక్కువ నెడతాను. తాగినవాడిలా అటూ ఇటూ ఊగి మొక్కజొన్న మోళ్ళలో పడుతుంది. వేలెడంత రెక్కలు ఎన్ని విరిగాయో చెప్పలేను. చేను గట్టు మీద కూర్చుని చూస్తున్న అమ్మను ఒకసారి, కొంచెం చెప్పరాదే అని అడిగాను. 

"అది నా చెయ్యేనాయె. నీ చెయ్యి నువ్వెట్ల లేపుతవో చెప్పుమంటే నువ్వేం చెప్తవు?" అంది.

ఆరు నెలలకు నేను దాన్ని నలభై సెకన్లు నిలబెట్టగలుగుతున్నాను.

ఇదంతా అయ్యాక వచ్చిన పొద్దు ఇది. అమ్మ చాటలో ముక్కలు పేరుకుంటున్నాయి. నేను ఇంకోసారి "రెప్ప" అన్నాను. అప్పుడు గని వైపు నుంచి సైరను మోగింది. డ్యూటీ మారే వేళ కాదు. ఆగకుండా మోగుతూనే ఉంది. బాపు కాగితాలు చేతిలో పట్టుకుని బయటికి వచ్చి అటు చూస్తూ నిలబడ్డాడు. వాడంతా బయటికి వచ్చింది. లసుమక్క కొడుకు ఎవరికో ఫోను చేసి సంగతి కనుక్కుని చెప్పాడు. రెండో మలుపు అవతల పైకప్పు కూలింది. ఐదుగురు లోపల ఉన్నారు.

పేర్లు చెబుతుంటే బాపు వింటున్నాడు. రాజలింగు పేరు వచ్చినప్పుడు కాగితాలు గూట్లో పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాజలింగు గనిలో బాపుకు పద్దెనిమిదేళ్ళ జోడీ. ఈ రోజు అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాలని, బాపు డ్యూటీ తాను చేస్తానని లోపలికి పోయినవాడు.

గంట తర్వాత జీపు వచ్చి మా గేటు ముందు ఆగింది. పురంధర్ సార్ ఒక్కడే దిగాడు. గేటు తీయలేదు, అవతలే నిలబడ్డాడు. పట్నం నుంచి అంతకుముందే తెప్పించి పెట్టుకున్న మామూలు డ్రోనులు రెండు పంపారట. రెండూ రెండో మలుపు దగ్గర దుమ్ములో పడిపోయాయి. దారి ఎటువైపు తెరిచి ఉందో తెలిస్తే సాయంత్రానికి తవ్వి తీయొచ్చు. తెలియకపోతే ఆరేళ్ళ కిందటి లాగానే.

నేను వస్తాను సార్ అన్నాను. ఎంతసేపు నిలబెట్టగలుగుతున్నావని అడిగాడు. చెప్పాను. తన చేతికీ అంతకంటే ఎక్కువ నిలవదన్నాడు. లోపలికి పోవడానికే తొమ్మిది నిమిషాలు.

"నేను అడగనీకె రాలేదు రవళీ. చెప్పకుంట ఉండలేక వచ్చిన."

"అడగనీకె రానోళ్ళు ఇంజను బంద్ చెయ్యకుంట ఎందుకు నిలవెట్టిన్రు సార్?" అన్నాను. అంత మాట నేను ఎవరినీ ఎప్పుడూ అనలేదు.

ఆయన వెనక్కి తిరిగి జీపును చూశాడు. నిజంగానే బంద్ చేయలేదు. బంద్ చేయడానికి పోలేదు కూడా.

అమ్మ అన్నీ వింది. "అండ్ల గాలి ఎంతసేపుంటది సారూ?" అని అడిగింది.

"తెల్వదు" అన్నాడు సార్.

అమ్మ చాట దించి పక్కన పెట్టింది. నేను దాన్ని ఎత్తి మళ్ళీ ఆమె ఒళ్ళో పెట్టాను. అమ్మ మళ్ళీ దించింది. నేను బాపు వైపు తిరిగాను. నేను చెబితే వినదు, నువ్వు చెప్పు అన్నాను. పోవద్దను, ఒక్కసారి అను, నీ మాట వింటది అన్నాను. బాపు గోడ మీద చెయ్యి ఆనించి లేచాడు. లేచి, మూలనున్న అమ్మ చెప్పులు తెచ్చి గడప ముందు, వాకిలి వైపు తిప్పి పెట్టాడు. పెట్టాక ఆ పని ఎవరు చేశారో తెలియనట్టు తన చేతుల వంక చూసుకున్నాడు.

అమ్మ లేచింది. ఆమె లేవడం ఒక పెద్ద పని. ముందు అరచేతులు నేలకు ఆనించాలి, తర్వాత ఒక మోకాలు, తర్వాత నడుము, చివరికి తల. రోజూ నేను పట్టుకునేదాన్ని. ఆ పొద్దు పట్టుకోలేదు. పట్టుకోకపోతే లేవలేదేమోనని చూశాను. ఆమె తానే లేచింది. చెప్పుల్లో ఒక్కొక్క కాలు పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. నా ముందుకు వచ్చి ఒక్క క్షణం నిలబడి నా మొహం చూసింది. ఏదో చెబుతుందనుకున్నాను. ఆమె కళ్ళు అప్పటికే వాకిలి మీదికి, తాను అడుగు వేయవలసిన చోటికి పోయాయి.

గడప నుంచి గేటుకు పద్నాలుగు అడుగులు. అమ్మ నడక మొదలుపెట్టింది. పెదవులు కొద్దిగా కదులుతున్నాయి. మడమ, పాదం, బరువు, రెండో మడమ. సార్ గేటు తీసి పట్టుకుని నేల చూస్తున్నాడు. వాడ వాళ్ళు గోడల మీంచి చూస్తున్నారు.

నేను పిలిస్తే ఆమె పడిపోతుంది. పడితే కాలో చెయ్యో విరుగుతుంది, ఆగిపోతుంది. రెండక్షరాలు చాలు. నా నోట్లో ఉన్నాయి. ఆరో అడుగు వేసింది, ఏడో అడుగు వేసింది. నేను రాజలింగు గురించి ఆలోచించలేదు, లోపలున్న మిగతా నలుగురి గురించీ ఆలోచించలేదు. ఆ రెండక్షరాలు అనాలనే అనుకున్నాను. పదో అడుగు దగ్గర కొంచెం తూలింది.  పడకూడదు, పడకూడదు అని లోపల అనుకున్నాను. అనుకున్నాక తెలిసింది, నేను ఇక పిలవనని.

అమ్మ సర్దుకుని నిలబడింది. మిగిలిన నాలుగు అడుగులూ వేసింది. సార్ చెయ్యి అందించినా తీసుకోకుండా, జీపు రాడ్డు పట్టుకుని మెల్లగా ఎక్కి కూర్చుంది. మా వైపు తల తిప్పలేదు.